హెచ్ ఇండెక్స్ 6 అంటే తక్కువా? పలాస కెమిస్ట్రీ మేడమ్ అడిగినదానికి

అమ్మా, మీ ప్రశ్న పెద్దది కాబట్టి నాకు అర్థమైనంత ముందు చెప్పి జవాబులోకి వెళ్తాను. పలాస దగ్గర డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తున్నారు, పీహెచ్‌డీ 2017లో అయింది, పేపర్లు 11. గూగుల్ స్కాలర్ 138 సైటేషన్లు (ఇతర పేపర్లు మీవాటిని రిఫరెన్సుల్లో పెట్టిన లెక్క), హెచ్ ఇండెక్స్ 6 (ఆ సైటేషన్ల నుంచే తీసే కొలత, కింద చెప్తాను) అంటోంది, స్కోపస్ అనే డేటాబేస్ మాత్రం 74, హెచ్ 5 అంటోంది. యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకి అప్లై చేద్దామనుకుంటున్నారు. ఈలోగా వాట్సాప్ గ్రూపులో ఒకాయన డబ్బిస్తే స్కోపస్ పేపర్‌లో మీ పేరు పెట్టిస్తా, సైటేషన్లు కూడా తెప్పిస్తా అన్నాడు, తెలిసినవాళ్ళు కొందరు అలా చేయించుకున్నారని విన్నారు, ఏటి చెయ్యాలో తోచట్లేదు. చివర్లో సొంత సైటేషన్లు తీసేసి రాయాలా ఉంచి రాయాలా అని కూడా అడిగారు. నేను ఉండేది విజయనగరంలో, నాదీ కెమిస్ట్రీయే, చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను, థీసిస్‌లు దిద్దాను, ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నాను. అక్కడ బల్లకి అవతల ఏం చూస్తారో తెలుసు కాబట్టి చెప్తున్నా.

ముందు ఆ వాట్సాప్ సంగతి తేల్చేద్దాం. వద్దమ్మా. తప్పు అన్న మాట అటుంచి, అది మీకే ప్రమాదం. హిందావి అని ఒక పబ్లిషర్ ఉండేది, 2021లో వైలీ కంపెనీ కొనుక్కుంది. ఆ జర్నళ్ళ స్పెషల్ ఇష్యూల్లోకి పేపర్లు తయారుచేసి అమ్మే ముఠాలు చొరబడ్డాయని బయటపడింది, 2023 మార్చిలో క్లారివేట్ వాళ్ళు 19 హిందావి జర్నళ్ళని తాము నడిపే వెబ్ ఆఫ్ సైన్స్ డేటాబేస్ నుంచి తీసేశారు, ఆ ఒక్క ఏడాదిలోనే హిందావి పేపర్లు 8,000కి పైగా రిట్రాక్ట్ అయ్యాయి, అంటే చెల్లవని పబ్లిషరే వెనక్కి తీసుకుంది. ప్రపంచం మొత్తం మీద ఆ ఏడాది రిట్రాక్షన్లు 10,000 దాటాయి. రిట్రాక్ట్ అయితే పేపరు మాయమైపోతుంది అనుకుంటారు చాలామంది, మాయమవదు, మీ పేరుతోనే అక్కడే ఉంటుంది, పైన ఎర్రగా రిట్రాక్టెడ్ అని పడుతుంది. పైగా ఇలాంటి పేపర్ల చిట్టా రాసే రిట్రాక్షన్ వాచ్ వాళ్ళ డేటాబేస్‌ని 2023లో క్రాస్‌రెఫ్ అనే సంస్థ తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచేసింది, మీ ఇంటర్వ్యూ జరుగుతుండగానే బోర్డు మెంబర్ ఒకాయన ఫోన్‌లో మీ పేరు కొట్టి చూసెయ్యొచ్చు. ఇంకోటి కూడా ఉంది. కొన్న పేపరు మీ సబ్జెక్టుది కాదనుకోండి, అందులో రెండో బొమ్మ ఎందుకు అలా ఉంది అని అడిగితే ఏం చెప్తారు? నీళ్ళ మీద పనిచేసిన మనిషి పేరు ఉన్నట్టుండి బ్లాక్‌చెయిన్ పేపర్‌లో కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. సైటేషన్లు తెప్పిస్తానన్నది కూడా అంతే, జీడిపిక్కల తొక్కతో నీళ్ళలో రంగు తీసే మీ పేపర్‌ని సంబంధం లేని మార్కెటింగ్ పేపర్లో, ఇమేజ్ ప్రాసెసింగ్ పేపర్లో ఒకే నెలలో గుత్తగా సైట్ చేస్తే తెరిచి చూసినవాడికి దొరికిపోతుంది.

జర్నల్ అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుందని కూడా అడిగారు. స్కోపస్‌లో సోర్సెస్ అని ఒక పేజీ ఉంటుంది, సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు, జర్నల్ పేరుతో కాకుండా ఐఎస్ఎస్ఎన్ నంబరుతో (ప్రతి జర్నల్‌కీ ఉండే గుర్తింపు నంబరు) వెతకండి. కవరేజ్ ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అని రాసి ఉంటుంది, ఆ చివరి ఏడాది ఎప్పుడో ఆగిపోయి ఉంటే ఆ జర్నల్‌ని స్కోపస్ ఆపేసినట్టు, పాత పేపర్లు లెక్కలో ఉంటాయి గానీ ఇప్పుడు వేస్తే ఎక్కదు. నకిలీ సైట్ల గొడవ కూడా ఉంది, నిజమైన జర్నల్ పేరూ నంబరూ వాడుకుని వేరే సైట్ నడుపుతారు, డబ్బు కట్టాక తెలుస్తుంది. అందుకని మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకండి, పబ్లిషర్ సొంత సైట్ నుంచి మొదలుపెట్టి జర్నల్ పేజీకి వెళ్ళండి. మంచి జర్నళ్ళకి యూజీసీ కేర్ లిస్టు ఉంది కదా అంటారేమో, 2018లో ప్రకటించిన ఆ లిస్టుని ఎత్తేశామని యూజీసీ 2025 ఫిబ్రవరిలో చెప్పేసింది, ఇప్పుడు జర్నల్ మంచిదా కాదా చూసుకోవాల్సింది మనమూ మన సంస్థలూ.

సరే, ఇప్పుడు మీ అంకెలు. హెచ్ ఇండెక్స్ అన్నది 2005లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియేగోలో ఉన్న జార్జ్ హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన పెట్టిన కొలత. పేపర్లని సైటేషన్లు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువకి వరుసగా పెట్టుకుని, ఎన్నో పేపరు దాకా ఆ వరస నంబరుకి తగ్గకుండా సైటేషన్లు ఉన్నాయో చూస్తారు. మీ ప్రొఫైల్ తెరిచి చూశాను, మీ వరస 46, 31, 22, 14, 9, 7, 4, 3, 2, తర్వాత రెండు సున్నాలు. ఆరో పేపరుకి 7 ఉన్నాయి, సరిపోయింది, ఏడోదానికి 4 మాత్రమే, అక్కడ ఆగిపోయింది. అదీ మీ 6. ఇందులో గమనించాల్సింది ఏటంటే ఆ మొదటి పేపరుకి 46 బదులు 460 వచ్చినా మీ హెచ్ ఇండెక్స్ 6 దగ్గరే ఉంటుంది. చివర ఉన్న ఆ రెండు పేపర్లు అసలు రాయకపోయినా 6 దగ్గరే ఉంటుంది. అంటే ఈ అంకెకి మీ బెస్ట్ పని ఎంత గొప్పదో తెలియదు, మధ్యలో ఉన్న పేపర్లు ఎలా ఉన్నాయో తెలుసు అంతే. దానికి తోడు ఇది ఎప్పుడూ తగ్గదు, మనం పదేళ్ళు ఏమీ చెయ్యకపోయినా తగ్గదు, వయసు పెరిగేకొద్దీ పెరగడమే. అందుకే 2017లో పీహెచ్‌డీ అయిన మిమ్మల్ని 1995లో అయినాయనతో పక్కపక్కన పెట్టి చూడ్డం అన్యాయం.

ఒక చిన్న చెక్ ఉంది, అలెగ్జాండర్ యాంగ్ అనే గణిత ఆచార్యుడు 2014లో చూపించాడు, మొత్తం సైటేషన్ల వర్గమూలాన్ని 0.54తో గుణిస్తే చాలామందికి హెచ్ ఇండెక్స్ దాదాపు అదే వస్తుంది. 138కి వర్గమూలం 11.7, గుణిస్తే 6.3. మీది 6. 74కి చేస్తే 4.6, స్కోపస్ 5 అంటోంది. అంటే హెచ్ ఇండెక్స్ అన్నది మొత్తం సైటేషన్లు చెప్పిందాన్నే ఇంకో రూపంలో మళ్ళీ చెప్తోంది, రెండు వేర్వేరు గొప్పలని అనుకుని బయోడేటాలో రెండూ బోల్డ్‌లో పెట్టుకోవాల్సిన పని లేదు.

మరి 138కీ 74కీ అంత తేడా ఎందుకు? ఎక్కువ భాగం మామూలు తేడానే, భయపడకండి. గూగుల్ స్కాలర్ నెట్‌లో దొరికిన ప్రతి పండితరచన లాంటిదాన్నీ లెక్కేస్తుంది, థీసిస్‌లు, కాన్ఫరెన్స్ సావనీర్లు, ప్రీప్రింట్లు, శోధ్‌గంగ అనే థీసిస్‌ల సైట్‌లో పెట్టిన పీడీఎఫ్‌లు అన్నీ. స్కోపస్ తను ఎంచుకున్న జర్నళ్ళూ పుస్తకాలూ కాన్ఫరెన్సుల్లోంచి మాత్రమే లెక్కేస్తుంది. గూగుల్ స్కాలర్‌ది విశాలమైన లెక్క, దాన్ని మోసం చెయ్యడమూ తేలికే. స్పెయిన్‌లో గ్రెనడా యూనివర్సిటీ వాళ్ళు పరీక్షించడానికని లేని ఒక పరిశోధకుడి పేరుతో ఆరు ఉత్తుత్తి డాక్యుమెంట్లు తయారుచేసి తమ సొంత పేపర్లనే సైట్ చేసి నెట్‌లో పెడితే, గూగుల్ స్కాలర్ వాటిని నిజం అనుకుని వాళ్ళ సైటేషన్లు వందల్లో పెంచేసింది. అందుకే బోర్డులో ఎవరైనా గూగుల్ అంకె చెప్తే స్కోపస్‌లో ఎంత అని అడుగుతారు. వాళ్ళు అడగకముందే మీరు రెండూ రాసెయ్యండి, ఏ తేదీన చూశారో కూడా రాయండి.

కానీ మీ విషయంలో ఇంకో కారణం కూడా ఉంది, అసలు నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే. మీ పేరు స్కోపస్‌లో మూడు ముక్కలుగా ఉంది. పెళ్ళికి ముందు పేపర్లు పుట్టింటి ఇంటిపేరు ఇనీషియల్‌తో, పెళ్ళయ్యాక అత్తింటి ఇంటిపేరుతో, మధ్యలో ఒక పేపర్లో గైడుగారు మీ పేరు రెండు మాటలూ కలిపేసి ఒకే మాటగా రాసేశారు. కంప్యూటర్‌కి వాళ్ళు ముగ్గురు వేర్వేరు మనుషులు. ఇది మన తెలుగువాళ్ళందరికీ ఉన్న బాధ. మనకి ఇంటిపేరు ముందు, అదీ ఒక అక్షరమే, తర్వాత అసలు పేరు రెండు మూడు మాటలు. జర్నల్ ఫారంలో లాస్ట్ నేమ్ అని అడిగితే ఒకసారి రావు అని, ఒకసారి ఇంటిపేరు అని, ఒకసారి పేరులో ఆఖరి మాట అని నింపుతాం. లక్ష్మి, రావు, నాయుడు, కుమార్ అని లాస్ట్ నేమ్‌లో పడితే ఇక దేశంలో ఉన్న అందరితో కలిసిపోతాం, మన పేపర్లు వాళ్ళకి పోతాయి, వాళ్ళవి మనకి వచ్చేస్తాయి. గూగుల్ స్కాలర్‌లో మీ ప్రొఫైల్‌లో ఉన్న ఆ పశువుల దాణా పేపరు మీది కాదు కదా? మీరు చెప్పిన 11లో అది లేదు గానీ ప్రొఫైల్‌లో చేరి కూర్చుంది, సైటేషన్ ఒక్కటీ లేకపోయినా సరే వెంటనే తీసెయ్యండి. వేరేవాళ్ళ పేపరు మన లిస్టులో ఉంటే, తెలియక ఉందని ఎవరూ అనుకోరు.

ఈ పని ఈ వారమే చెయ్యండి. ఆర్కిడ్ అని 2012లో మొదలైంది, మనిషికో 16 అంకెల నంబరు ఇస్తారు, ఉచితం, పేరు ఎన్నిసార్లు మారినా నంబరు మారదు. అందులో మీ పాత పేరు, కొత్త పేరు, గైడుగారు రాసిన పేరు మూడూ అదర్ నేమ్స్ దగ్గర రాయండి. తర్వాత స్కోపస్‌లో ఆథర్ ఫీడ్‌బ్యాక్ ఫారం ఉంటుంది, మూడు ప్రొఫైల్స్‌నీ కలపమని అడగండి, డబ్బులేం తీసుకోరు, కొన్నాళ్ళు పడుతుంది. మీరు చూసిన 74 ఒక్క ముక్కదే, మిగతా రెండు ముక్కలూ కలిస్తే ఎంతో కొంత పెరుగుతుంది, ఎవరికీ పైసా ఇవ్వకుండా. ఇక మీదట ఏ పేపరు వేసినా ఒకే పేరు, ఒకే స్పెల్లింగు. పాత పేరు మీద సగం పనుంటే పాత పేరే ఉంచుకోండి, అత్తింటివాళ్ళు ఏమంటారో అని ఆడపిల్లలు మొహమాటపడతారు గానీ ఆధార్‌లో పేరు వేరు, పేపరు మీద పేరు వేరు, అందులో తప్పేం లేదు.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. మీరు ఎన్ని అని అడుగుతున్నారు, నేను ఎవరు, ఎందుకు అని అడుగుతున్నాను. మీ 46 సైటేషన్ల పేపరు, జీడిపిక్కల తొక్కతో బొగ్గు చేసి నీళ్ళలో రంగు తీసేది, దాన్ని సైట్ చేసినవాటిలో బయట దొరికినన్ని తెరిచి చూశాను. ఎక్కువ వాటిలో మీ పేపరు ఒకే చోట ఉంది, ఇంట్రడక్షన్‌లో వ్యవసాయ వ్యర్థాలు అడ్సార్బెంట్లుగా (నీళ్ళలోని మలినాలని తమ పైకి పట్టుకునేవిగా) పనికొస్తాయి అని ఒక వాక్యం, దాని పక్కన బ్రాకెట్లో పదీ పదిహేను నంబర్లు, అందులో మీది ఒకటి. వాళ్ళు మీ పేపరు చదివారో లేదో కూడా చెప్పలేం. అడ్సార్ప్షన్ అన్నది ప్రతి కాలేజీలోనూ చేసే పని, పేపర్లు వేలల్లో వస్తాయి, అందుకే సైటేషన్లు కూడా త్వరగా పడతాయి. ఇందులో మీ తప్పేం లేదు, మంచి పేపరే, ఐసోథర్మ్ లెక్కలు శుభ్రంగా ఉన్నాయి.

దానికి దిగువన 7 సైటేషన్లతో ఒక పేపరు ఉంది, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల బోరునీళ్ళలో సిలికా, ఫ్లోరైడ్, లోహాలు కొలిచింది. మీ ప్రశ్నలో దాని ఊసే లేదు. ఆ 7లో మూడు కిడ్నీ డాక్టర్లు రాసినవి. ఒకదాంట్లో మీ టేబుల్‌లోని విలువలు తీసుకుని తమ పేషెంట్ల ఊళ్ళతో పోల్చి చూశారు, ఇంకోదాంట్లో మీరు వేసవిలోనే శాంపిల్స్ తీశారు, వానాకాలంలో తీస్తే ఎలా ఉంటుందో చూడాలి అని మీ పనిని విమర్శించారు. అమ్మా, ఆ విమర్శ ఉన్న సైటేషన్ ఒక్కటి ఆ 46 మొత్తం కన్నా బరువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ఎవరో కూర్చుని మీ పేపరు వాక్యం వాక్యం చదివారు. ఆ మండలాలుండే ఉద్దానంలో ఎన్ని ఇళ్ళలో డయాలసిస్ మనుషులున్నారో మీకు నాకన్నా బాగా తెలుసు, ఆ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, అలాంటిచోట నమ్మకంగా కొలిచిన నీళ్ళ టేబుల్ అంటే అది మామూలు విషయం కాదు. దాన్ని సైట్ చెయ్యగలిగేవాళ్ళే ప్రపంచంలో కొద్దిమంది. 7 రావడమంటే పట్టించుకోవాల్సినవాళ్ళు పట్టించుకున్నారని అర్థం.

ఈ తేడా పెద్దపెద్దవాళ్ళకి కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు, దానికి వేలల్లో సైటేషన్లు, ల్యాబుల్లో ఇప్పటికీ ఆ పేరు వినిపిస్తుంది. అదే ఇద్దరూ 1929లో కండరాల్లో ఏటీపీ (కణాలకి శక్తినిచ్చే పదార్థం) ఉందని చూపించారు, జీవశాస్త్రానికి అంతకన్నా పెద్ద సంగతి ఏముంటుంది, కానీ ఆ పద్ధతి పేపరుకి వచ్చినన్ని సైటేషన్లు దీనికి రాలేదు. పద్ధతి చెప్పే పేపర్‌ని వాడినవాడల్లా సైట్ చేస్తాడు, కనిపెట్టిన సంగతి పాఠ్యపుస్తకంలోకి వెళ్ళిపోయాక ఎవరూ సైట్ చెయ్యరు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ సైట్ అయిన పేపరు కూడా ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతే, ఆలివర్ లౌరీ వాళ్ళది, 1951, మూడు లక్షలు దాటాయి. ఇంకో మాట, మన రెండు జిల్లాల్లోనూ బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు మింగించేవారు కదా, ఆ మందు 1940ల్లో సుబ్బారావుగారు నడిపిన లెడర్లే ల్యాబ్ నుంచే వచ్చింది. మాత్ర మింగినవాళ్ళెవరూ ఆయన్ని సైట్ చెయ్యరు.

స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సీఆర్ రావుగారి సంగతి చూడండి. మన ఆంధ్రా యూనివర్సిటీలోనే లెక్కల్లో ఎంఏ చేశారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపరు వేశారు, ఆ రోజుల్లో బయటి దేశాల స్టాటిస్టిక్స్ వాళ్ళు రోజూ తిరగేసే పత్రికేం కాదది. స్టాటిస్టిక్స్‌లో అందరూ వాడే క్రామెర్ రావు బౌండ్, రావు బ్లాక్‌వెల్ సిద్ధాంతం అందులోంచే వచ్చాయి. 2023లో ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చింది ఆ 1945 పేపరు గురించే. మధ్యలో 78 ఏళ్ళు. ఇప్పుడు సిగ్నల్ ప్రాసెసింగ్ చదివే ఇంజినీరింగ్ పిల్లలు కూడా క్రామెర్ రావు బౌండ్ వాడతారు, 1945 పేపరు రిఫరెన్సుల్లో పెట్టకుండానే. ఆలోచన ఎంత బలపడితే దాని సైటేషన్లు అంత మాయమైపోతాయి, ఇది సోషియాలజిస్టులు ఎప్పుడో గమనించిన సంగతే.

సైటేషన్లలోకి అసలు ఎక్కని పని కూడా ఉంది, మన దగ్గరే. ఆముదాలవలస రోడ్డులో రాగోలు వ్యవసాయ పరిశోధన స్టేషన్ నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు వరి రకం, విజయనగరం పరిశోధన స్టేషన్ నుంచి వచ్చిన చోడి (రాగి) రకాలు, వీటిని తయారుచేసినవాళ్ళు ఏళ్ళ తరబడి మళ్ళలో గడిపారు. రైతు విత్తనం వేసుకుంటే అది ఏ డేటాబేస్‌లోనూ సైటేషన్‌గా పడదు. అలాంటాయన హెచ్ ఇండెక్స్ 5 అయితే, ఏడాదికి పదేసి పేపర్లు వేసే నానోటెక్నాలజీ ఆయన హెచ్ ఇండెక్స్ 30 అయితే ఎవరు గొప్ప అని అడగడమే తప్పు ప్రశ్న. లెక్కల్లో సైటేషన్లు తక్కువ, బయోమెడికల్‌లో ఎక్కువ, ఒక సబ్జెక్టు అంకె ఇంకో సబ్జెక్టుకి పనికిరాదు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డోరా అనే ప్రకటన చేసింది కూడా ఇందుకే, జర్నల్ ఇంపాక్ట్ ఫాక్టర్ చూసి మనిషి పనిని తూచకండి అని. ఇంపాక్ట్ ఫాక్టర్ అన్నది జర్నల్‌ది, గత రెండేళ్ళ పేపర్లకి ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు, ఏ జర్నల్ తీసుకున్నా కొన్ని పేపర్లే ఆ సగటుని మోస్తాయి, ఎక్కువ పేపర్లకి అంతకన్నా తక్కువే వస్తాయి.

అయితే నియామకాల్లో ఇంపాక్ట్ ఫాక్టర్‌ని పూర్తిగా వదిలెయ్యలేం, నిజం చెప్పాలి కదా. యూజీసీ 2018 నిబంధనల్లో అసోసియేట్ ప్రొఫెసర్‌కి కనీసం 7 పేపర్లు, రీసెర్చ్ స్కోరు 75 అడిగారు. ఇంపాక్ట్ ఫాక్టర్ 1 లోపు జర్నల్ పేపరుకి 10, 1 నుంచి 2 మధ్యకి 15, 2 నుంచి 5 మధ్యకి 20 పాయింట్లు. ఇద్దరు రాస్తే చెరో 70 శాతం, అంతకన్నా ఎక్కువమంది ఉంటే మొదటి ఆథర్‌కో కరెస్పాండింగ్ ఆథర్‌కో 70 శాతం, మిగతావాళ్ళకి 30 శాతం. అంటే 20 పాయింట్ల పేపర్లో నలుగురి మధ్య మీ పేరు మూడోది అయితే మీకు 6 వస్తాయి, మొదటిది అయితే 14. ఆ టేబుల్ మొత్తం వెతికినా సైటేషన్లకి విడిగా ఒక్క పాయింటు కూడా కనిపించదు. మీరు ఇంత బెంగ పడుతున్న అంకెకి ఆ స్కోరులో చోటే లేదు, బోర్డు ముందు మాట్లాడేటప్పుడే దాని అవసరం. మీరు అప్లై చేసే నోటిఫికేషన్‌లో ఏ నిబంధనలు రాశారో మాత్రం ఒకసారి చదువుకోండి.

పేపర్లో ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన జిల్లావాసి అని వార్తలు చూసి కుంగిపోతున్నానని రాశారు. ఆ లిస్టు స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ అయొనిడిస్ వాళ్ళు స్కోపస్ డేటాతో చేసేది, అందులో రెండు పట్టికలుంటాయి, మొత్తం కెరీర్‌కి ఒకటి, ఒక్క ఏడాది సైటేషన్లకి ఒకటి. రెండోదాంట్లో ఈ ఏడు ఉండి వచ్చే ఏడు లేనివాళ్ళు చాలామంది. అందులో ఉండటం గౌరవమే, నేను కాదనను, కానీ దాంట్లో మీరు లేకపోవడం మీ పని గురించి ఏమీ చెప్పదు.

నిజాయితీగా సైటేషన్లు పెరగాలంటే పేపరు అవసరమైనవాడికి దొరకాలి, అంతే. మీ బోరునీళ్ళ పేపరు టైటిల్‌లో ఉద్దానం అన్న మాటే లేదు, ఉత్తర కోస్తా ఆంధ్రలో ఎంపిక చేసిన ప్రాంతాలు అని ఉంది, వెతికే డాక్టరుకి ఎలా దొరుకుతుంది? టైటిల్ ఇప్పుడు మార్చలేరు గానీ ఆ డేటా టేబుల్‌ని, ఏ మండలం, ఏ నెల, బోరు ఎంత లోతు, ఏ పరికరంతో కొలిచారు, అన్నీ కలిపి జెనోడో అనే సైట్‌లో పెట్టండి, ఉచితంగా డీఓఐ (ఆ ఫైలుకి శాశ్వత గుర్తింపు నంబరు) ఇస్తారు, టైటిల్‌లో ఉద్దానం, శ్రీకాకుళం అని స్పష్టంగా రాయండి. జర్నల్ ఒప్పుకునేచోట మీ చివరి డ్రాఫ్ట్‌ని కాలేజీ రిపాజిటరీలో పెట్టండి, ఏ రూపం పెట్టొచ్చో జర్నల్ సైట్‌లో రాసి ఉంటుంది. వేసవిలోనే తీశారు అని విమర్శించిన ఆ డాక్టర్లకి మెయిల్ రాయండి, వానాకాలం శాంపిల్స్ నేను తీస్తాను, కలిసి చేద్దామా అని. మీరు పలాసలో ఉన్నారు, 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్ మీ ఊళ్ళోనే తెరిచారు, హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో కూర్చున్నవాళ్ళకి రెండు కాలాల శాంపిల్స్ తియ్యడం ఎంత కష్టమో మీకు అంత తేలిక. ఆ పేపరు వస్తే మీరు ఎవరినీ సైట్ చెయ్యమని అడగక్కర్లేదు.

ఇంటర్వ్యూకి ఒక్క కాగితం తయారుచేసుకోండి. మూడే పేపర్లు ఎంచుకోండి, ఒక్కోదానికి నాలుగైదు వాక్యాలు, ప్రశ్న ఏంటి, అందులో మీరు స్వయంగా చేసింది ఏంటి, తర్వాత దాన్ని ఎవరు దేనికి వాడారు. ఆ మూడింట్లో బోరునీళ్ళది మొదట పెట్టండి, 46ది రెండోది. సున్నా సైటేషన్లున్న రెండు పేపర్ల గురించి అడిగితే దాచకండి, ఒకటి నిరుడే వచ్చింది, సమయం పడుతుంది, రెండోది ఆ చిన్న కాన్ఫరెన్స్ పేపరు, దాంట్లో పెద్దగా ఏం లేదని చెప్పెయ్యండి. అలా చెప్పినవాళ్ళని బోర్డు నమ్ముతుంది.

సొంత సైటేషన్ల గురించి. తీసెయ్యక్కర్లేదు, విడిగా చూపించండి. ఒకే పనిని కొనసాగించేవాళ్ళు తమ పాత పేపరు సైట్ చెయ్యకుండా ఎలా రాస్తారు? అయొనిడిస్ వాళ్ళ డేటాలో 2019లో చూస్తే సొంత సైటేషన్లు మధ్యస్థంగా 12.7 శాతం ఉన్నాయి, సగానికి మించిపోయినవాళ్ళే వేలెత్తి చూపించబడ్డారు. స్కోపస్‌లో సైటేషన్ ఓవర్‌వ్యూ దగ్గర సెల్ఫ్ సైటేషన్లు మినహాయించే గుర్తు ఉంటుంది, అది పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి చూసుకుని రెండు అంకెలూ రాయండి. మూడు ప్రొఫైల్స్ కలిశాకే ఆ పని చెయ్యండి, లేకపోతే మీ పాత పేరుతో ఉన్న సైటేషన్లని అది వేరే మనిషివి అనుకుని సొంతవాటిలో లెక్కెయ్యదు, తర్వాత ఎవరైనా సరిచూస్తే మీరే దాచారనుకుంటారు. ప్రొఫైల్ కలిపాక ఏ అంకె వచ్చిందో ఇక్కడ కింద రాయండి, ఆ ఒక్క కాగితం డ్రాఫ్ట్ కూడా పెడితే చూసి చెప్తాను.